గోడ దిగని కాకి

పోయిన వారం ప్రేమ్‌సాగర్‌ను జగిత్యాలలో, టవర్ పక్క సందులో, పై అంతస్తు గదికి వెళ్లే మెట్ల మీద నిలబెట్టి వదిలేశాం. ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింది మెట్టు మీద. పాపం, వారం రోజులుగా అలాగే ఉన్నాడు. ఎందుకు ఆగాడంటే, పై గదిలోంచి కాకి అరిచింది. కాకి అరిస్తే ఆగడమేమిటని కొత్తగా చదివేవాళ్లు అడగొచ్చు. అది కాకి కాదు. అతని తమ్ముడు సాయికిరణ్ గొంతు. సాయికిరణ్ పోయి ఏడాది దాటింది.

తెలియనివాళ్లకు నాలుగు ముక్కల్లో చెబుతాను, తెలిసినవాళ్లు ఓర్చుకోవాలి. కోరుట్లలో బీడీలు చుట్టే నర్సవ్వకు, హమాలీ బుచ్చయ్యకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ప్రేమ్‌సాగర్ కంప్యూటర్ చదువు చదివాడు. చిన్నవాడు సాయికిరణ్ ఏ చదువూ సరిగ్గా చదవలేదు గానీ కాకిలా కూశాడంటే అసలు కాకులొచ్చి గోడ మీద వాలి, ఎవరీ కొత్త చుట్టం అని మెడ వంచి చూసేవి. ప్రేమ్‌సాగర్, అతనితో చదువుకున్న గొల్లపల్లి అర్జున్ రావు గారి కూతురు నవ్య కలిసి ‘దొంగకాకి’ అని ఒక వీడియో గేమ్ మొదలుపెట్టారు. నవ్య బొమ్మలు వేస్తుంది, ప్రేమ్‌సాగర్ వాటిని నడిపిస్తాడు, కాకి గొంతు సాయికిరణ్‌ది. ఆట సగంలో ఉండగా ఒక సాయంత్రం, కోరుట్ల రోడ్డు మీద వెనక లైటు లేని పసుపు ట్రాక్టరు ఆగి ఉంది. సాయికిరణ్ బండి మీద వస్తున్నాడు. ఆ పైన చెప్పడానికేముంది.

తర్వాత ప్రేమ్‌సాగర్ సిరిసిల్లకు వెళ్లిపోయాడు. అక్కడ నవ్య మేనబావ రఘు, మూలపడ్డ మరమగ్గాల షెడ్డును బాగుచేయించి గేముల కంపెనీ పెట్టాడు. ‘దొంగకాకి’ని పిల్లల ఆటగా బయటికి తెస్తానన్నాడు. నవ్య జగిత్యాల గదిలోనే ఉండి మిగిలిన బొమ్మలు పూర్తి చేస్తోంది. ఇవాళ ఆ గది ఖాళీ చేసి, కంపెనీ కంప్యూటర్‌ను సిరిసిల్లకు పట్టుకుపోవడానికి ప్రేమ్‌సాగర్ వచ్చాడు. బరువు మోయడానికి తండ్రిని వెంట తెచ్చుకున్నాడు. బుచ్చయ్య కింద ట్రాలీ ఆటో పక్కన ఛాయ్ తాగుతున్నాడు. ఆయన్ను అక్కడే ఉండనిచ్చి మనం పైకి పోదాం.

ప్రేమ్‌సాగర్ తలుపు నెట్టాడు. నవ్య కూర్చోవలసిన కుర్చీలో తన తల్లి కూర్చుని ఉంది.

నర్సవ్వ ఇక్కడ ఉండవలసిన మనిషి కాదు. ప్రతి గురువారం ఆమె జగిత్యాల దవాఖానకు మోకాళ్ల నొప్పులు చూపించుకోవడానికి పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. చాలాసార్లు బుచ్చయ్యే ఆమెను బస్సెక్కించి, కిటికీలోంచి నీళ్ల సీసా అందించి వెనక్కి పోతాడు. ఆ మోకాళ్లు ఈ మెట్లన్నీ ఎక్కి ఇక్కడికి వచ్చాయి. తంబాకు మరకలు పోని వేళ్లతో ఆమె ఆట ఆడే రిమోటు పట్టుకుని ఉంది, దేవుడి పటం పట్టుకున్నంత జాగ్రత్తగా.

“అవ్వా! నువ్వేంది ఇక్కడ? దవాఖానకని చెప్పి...”

నర్సవ్వ ఉలిక్కిపడలేదు. తల కూడా తిప్పలేదు.

“జర మెల్లగ మాట్లాడు కొడుకా. ఆడు ఇప్పుడే వచ్చి కూసున్నడు.”

ప్రేమ్‌సాగర్ అప్పుడు తెర వంక చూశాడు. పాత ‘దొంగకాకి’ ఎట్లా ఉండేదో మొదటి వారాలు చదివినవాళ్లకు గుర్తుంటుంది. కోరుట్ల గల్లీ, మిట్టమధ్యాహ్నం, వీధంతా పసుపు ఆరబోసినట్టు ఎండ. కాకి వంటింట్లోకి దూరి సకినాలు ఎత్తుకుపోతుంది, దండెం మీది ఎండు చేపను లాక్కుపోతుంది, పోతూ పోతూ ఎవరో పెద్దమనిషి బట్టతల మీద చేయకూడని పని చేసి పోతుంది. ఒక ముసలామె గరిటె పట్టుకుని వెంటపడుతుంది. “నీ నోట్లె మన్నువొయ్య, మల్లొచ్చినవా!” అని ఆమె తిట్టే తిట్టు నర్సవ్వ గొంతే. కోరుట్లలో వాళ్ల వంటింట్లోనే రికార్డు చేశారు. ఆడి చూసిన పిల్లలు ఆ తిట్టు కోసమే మళ్లీ మళ్లీ దొరికిపోయి, పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు.

ఇప్పుడు తెర మీద అదే గల్లీ. కానీ తెల్లవారుజాము బూడిద రంగు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. దండెం మీద చేప లేదు. ఒక గోడ, గోడ ముందు ఊడ్చిన నేల, నేల మీద మోదుగాకుల విస్తరి. విస్తరిలో అన్నం, బోటి కూర. పక్కనే అదే ముసలామె, చేతిలో గరిటె లేకుండా, నోరు మూసుకుని నిలబడి ఉంది. గోడ మీద కాకి. అది మెడ తిప్పి ఒకసారి కూసింది, ఊరుకుంది. అంతకుమించి ఆ ఆటలో ఏమీ జరగడం లేదు.

నవ్య పక్క గదిలోంచి రెండు గ్లాసుల ఛాయ్‌తో వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

“నవ్యా, ఏంది గిది?”

“సాగర్, నువ్వు రేపొస్తనన్నవ్ గదా...”

“రేపొస్తె దాచిపెడుదువా? ఏం జేసినవ్ నా గేమును? సోమవారం మీ బావ అందరి ముందట చూపెట్టాలె. పిల్లలు నవ్వాలె, నవ్యా! చూసిన పిల్లలు నవ్వాలె. గిదేంది, సావిల్లు లెక్క?”

“సావిల్లే సాగర్,” అంది నవ్య.

ఆ ఒక్క మాటకు ప్రేమ్‌సాగర్ గొంతు పెంచాడు. నువ్వు దొరల బిడ్డవు, నీకు ఇది సరదా, మాకు బతుకుదెరువు అన్నాడు. ఆ మాట ఇంతకుముందెప్పుడూ అనలేదు. అన్నాక తనకే చేదుగా అనిపించింది. నవ్య గ్లాసులు బల్ల మీద పెట్టింది.

“నేను మార్చలే. అదే మారింది. కోపం తీరినంక విను,” అంది నవ్య. కోపం తీరేదాకా ఆగకుండానే చెప్పింది.

సాయికిరణ్‌ను మట్టి చేసిన కొన్నాళ్లకు నర్సవ్వ మొదటిసారి ఈ మెట్లెక్కి వచ్చిందట. కూర్చోమంటే కూర్చోలేదు, నీళ్లిస్తే తాగలేదు. “బిడ్డా, నీ గేముల నేను తిట్టిన తిట్టు ఉన్నదట గదా. అది తీసెయ్యి,” అందట. ఎందుకని నవ్య అడగలేదు. అడగవలసిన పని లేదు. కోరుట్ల సమాధుల తోటలో పెట్టె దించాక అందరూ తలా ఒక గుప్పెడు మన్ను వేశారు. నర్సవ్వ చేత కూడా వేయించారు. ఊళ్లో ప్రతి తల్లీ రోజుకు పదిసార్లు తిట్టే తిట్టే అది, ఎవరి నోట్లోనూ మన్ను పడదు. ఆమె కొడుక్కే పడింది. తన చేత్తోనే వేసింది. ఈ మాట రాస్తుంటే నాకే చేయి ఆడడం లేదు, ఆ తల్లి ఎలా మోసిందో.

“ఒక్క తిట్టే గదా అనుకున్న,” అంది నవ్య. “తీసేసిన. తీసేస్తె ఆ అవ్వ బొమ్మ ఉత్తగ నోరు తెరుస్తుండె, మాట రాకపోతుండె. చూడలేక నోరు మూసి గీసిన. నోరు మూసుకొని గరిటె పట్టుకొని ఉరుకుతుంటె పిచ్చిదాని లెక్క కొట్టింది. ఉరుకుడు ఆపిన. ఆమె ఉరకకపోతె కాకికి భయం ఎందుకు? గోడ మీద కూసొని ఆమె దిక్కు చూసుడు పెట్టింది. ఆమె కాకి దిక్కు చూసుడు పెట్టింది. ఇగ ఆ పచ్చటి ఎండ నాకే సిగ్గనిపించింది, సాగర్. ఎవలో సచ్చినింట్ల బ్యాండు కొట్టినట్టు ఉండె.”

తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఇదే. ఒక్క తిట్టు తీసేసరికి, నవ్వుల కోసం ఏళ్ల తరబడి కట్టిన ఆట మొత్తం కన్నీళ్ల వైపు ఒరిగిపోయింది.

“ఒకనాడు అవ్వనే అడిగింది,” అంది నవ్య, గొంతు తగ్గించి. “ ‘బిడ్డా, ఆ కాకికి జర ఇస్తారేసి పెట్టరాదు’ అని. మా ఇండ్లల్ల ఆడోళ్లను పిట్టకు పెట్టే కాడికి తీస్కపోరు, నేనెన్నడు చూడలే. అవ్వ పక్కన కూసొని చెప్తుంటె గీసిన. బువ్వ ఎక్కడుండాలె, కూర ఎక్కడుండాలె, అన్ని.”

మా వైపు పిట్టకు పెట్టడమంటే ఏమిటో తెలియని పాఠకులు దూరపు జిల్లాల్లో ఉండవచ్చు. మనిషి పోయిన మూడోనాడు, ఆ మనిషి ఇష్టంగా తినేవన్నీ వండి విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాళ్ల కడుపు నిండినట్టు, తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఇంకా ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ పిల్లను చూసుకుంటాం, నీ మాట నిలబెడతాం అని పైకే చెబుతారు. ఏ మాటకు కాకి దిగుతుందో ఎవరికీ తెలియదు. ఏ మాటకూ దిగక ఎండ నెత్తిమీదికొచ్చిన ఇళ్లు నేను చూశాను. ఆ ఇళ్లలో చాలాకాలం ఎవరూ సరిగ్గా నిద్రపోరు.

సాయికిరణ్‌కు పిట్టకు పెట్టలేదు. బుచ్చయ్య కుటుంబానిది చర్చి నమ్మిక. ఆయన సంఘ పెద్ద. మూడోనాడు నర్సవ్వ ఎవరికీ చెప్పకుండా బోటి కూర వండి, స్టీలు టిఫినులో సర్ది బయలుదేరితే బుచ్చయ్య గుమ్మంలో నిలబడ్డాడు. “ఆడు దేవుని దగ్గరున్నడు నర్సూ. ఆకలి లేని జాగల ఉన్నడు. ఇగ కాకికి పెడితె మన నమ్మిక ఏమైనట్టు?” అన్నాడు. ఆయన కఠినుడేమీ కాదు. ఏడుస్తూనే అన్నాడు. తల్లి చేతిలోంచి టిఫిను తీసుకున్నది ప్రేమ్‌సాగర్. ఆ కూర ఆ ఇంట్లో ఎవరూ తినలేదు.

నిజానికి ఆ ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టే చేయి బుచ్చయ్యదే. నర్సవ్వ చేతులెప్పుడూ తంబాకులో ఉండేవి. చేటను పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చుంటే ఆ రోజు కట్టలు పూర్తికావు. అందుకని పిల్లలు ఆకలిగా వస్తే తండ్రే లేచేవాడు. సాయికిరణ్ గల్లీ మలుపు నుంచే కాకిలా కూసేవాడు. లోపల ఎక్కడున్నా, ఏ పనిలో ఉన్నా, సగం నిద్రలో ఉన్నా బుచ్చయ్య “ఆఁ... వస్తున్నరా, ఆగు!” అని కేకేసి కంచం అందుకునేవాడు. ఇరవై ఏళ్లు దాటినా ఆ కొడుకు అట్లాగే కూశాడు, ఆ తండ్రి అట్లాగే లేచాడు. గల్లీవాళ్లకు అది పొద్దు తెలిపే గడియారం.

మళ్లీ గదిలోకి వద్దాం. గోడ మీది కాకి ఇంకోసారి కూసింది. ప్రేమ్‌సాగర్ చెవులు మూసుకోబోయి, ఊరుకుని, తెర ముందు వంగాడు. ఏడవడం చేతకాని మనిషికి తప్పు వెతకడం చేతనవుతుంది.

“అవ్వా, నువ్వు ఎన్ని వారాలు ఆడినా ఆ కాకి కిందికి దిగది. నేనే రాసిన. దొంగకాకి గదా, మనిషి నిలబడి చూస్తుంటె దిగొద్దని పెట్టిన. గా బటన్ ఒత్తితె ఆ ముసలామె ఎనుకకు జరుగుతది. గోడ చాటుకు పోయిందనుకో, కాకి దానంతట అదే దిగి ముట్టుతది. గంతే.” నవ్య వైపు తిరిగాడు. “ఇంతమాత్రం చెప్పరాదా నువ్వు? ఇన్ని నెలలు ఉత్తగ కూసోవెట్టినవా ఆమెను?”

“మొదటినాడే చెప్పిన,” అంది నవ్య.

ప్రేమ్‌సాగర్ తల్లి వైపు చూశాడు.

“నీకు ఎరుకేనా?”

“ఎరుకే,” అంది నర్సవ్వ.

“మరి?”

నర్సవ్వ రిమోటును ఒళ్లో పెట్టుకుంది. కొంగుతో తెరను తుడిచింది. దుమ్మేమీ లేదు.

“పిట్టకు పెట్టినంక పక్కకు జరగాలెనని నాకు ఎరుక లేదారా? మా అవ్వకు పెట్టలేదా, మా అయ్యకు పెట్టలేదా? జరిగితె ఆడు దిగుతడు. దిగితె తింటడు. కడుపు నిండినంక ఇగ యాడుంటడు? పోతడు. పోతె మల్ల బేస్తారం నాడు నేను యాడికి రావాలె, కొడుకా?”

బేస్తారం అంటే గురువారం. గురువారం గురువారం ఆ తల్లి బస్సెక్కి వచ్చి, కొడుకుని గోడ మీద కూర్చోబెట్టుకుని, తాను కదలకుండా నిలబడి, వాడి కూత విని, బస్సెక్కి పోతోంది. కాకి ముట్టలేదని కాదు ఆమె బాధ. ముట్టకుండా ఆమే కాపలా కాస్తోంది.

“అవ్వా, అది బొమ్మ...” అన్నాడు ప్రేమ్‌సాగర్.

“బొమ్మే. నేను పిచ్చిదాన్నా? మీ బాపు ఆదివారం ఆదివారం పోయి సమాధి మీది సిమెంటుతోని మాట్లాడుతడు. సిమెంటుతోని మాట్లాడితె తప్పులేదు గని, బొమ్మతోని మాట్లాడితె తప్పా?” అని కొడుకు చేయి పట్టుకుని కుర్చీ పక్కకు లాక్కుంది. “మీ బాపు మాట్లాడుతడు. నేను మాట్లాడుత. నువ్వు మాత్రం ఆడు పోయినప్పటి సంది ఆనికి ఒక్క ముచ్చట చెప్పలే. నువ్వు పెద్దోనివి. ముందటికొచ్చి చెప్పాలె. చెప్పు.”

“నేనేం చెప్పాలె?”

“నాకేమెరుక? నీ కడుపుల ఏమున్నదో అదే చెప్పు.”

ప్రేమ్‌సాగర్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. గోడ మీది కాకి మెడ వంచి చూస్తోంది. ఆ మెడ వంపు నవ్య గీసిందే, తాను కదిలించిందే. ఎన్ని డిగ్రీలు తిరగాలో కూడా తనే రాశాడు. అన్నీ తెలిసి కూడా వాడి కళ్లలోకి చూడలేకపోయాడు.

“సాయీ,” అన్నాడు. పిలిచి చాలా కాలమైంది.

“సాయీ, నీ గొంతు నేనే తీసేసినరా.”

నర్సవ్వ కదల్లేదు. నవ్య తలెత్తింది.

“సిరిసిల్లల గేమును వందసార్లు తిప్పి చూడాలె. వందసార్లు నువ్వు కూస్తుండె. పొద్దుగాల పోయి కూసుంటె నీ కూత, బువ్వ తినేటప్పుడు పక్క టేబులు మీద నీ కూత. అక్కడున్న పోరగాండ్లకు అది కాకి. వాళ్లు నవ్వుతుండిరి. నేను బాత్‌రూంల పోయి నల్లా ఇప్పి పెట్టుకుంటుంటి. రఘు సార్‌కు ఏం చెప్పినో తెలుసా? గొంతు మంచిగ లేదు, వేరేటోనితోని చేయించాలె అని చెప్పిన. అబద్ధం. అందరికీ మంచిగనే ఉండె. నేనే వినలేకపోయిన. హైదరాబాద్ నుంచి ఎవన్నో పిలిపిచ్చి కొత్త కూతలు పెట్టిపిచ్చిన. ఇగ నీయి ఉంటె మల్ల వింటనేమోనని... అసలు రికార్డులన్ని తీసేసిన.”

“అన్నీనా?” నవ్య గొంతు పిల్ల గొంతులా వచ్చింది. “కోరుట్లల మీ వంటింట్ల చేసినయి గూడనా? అండ్ల అవ్వ తిట్టి నవ్వింది ఉండె. ఆడు కూసుకుంట నవ్వలేక దగ్గింది ఉండె. సాగర్, అవి గూడనా?”

అతను తల ఊపాడు.

“ఇగ గీ కంప్యూటర్‌ల ఉన్నయే మిగిలినయి,” అన్నాడు తమ్ముడితోనే, నవ్యతో కాదు. “గివి గూడ తీసెయ్యనీకెనే అచ్చిన. గిదిరా నా కడుపుల ఉన్నది. గింతే.”

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటాం. నర్సవ్వకు అప్పుడు తగిలింది అదే. తిట్టు తీసేయమని ఆమే అడిగింది, నిజమే. కానీ ఆ తిట్టు వెనక తన నవ్వు ఉందని, ఆ నవ్వు వెనక కొడుకు దగ్గు ఉందని ఆమె అనుకోలేదు. ఇంతకాలం ఎక్కడో ఒకచోట వాడి గొంతు ఉందన్న ధీమా మీద బతికింది. పెద్ద కొడుకు మీద చేయి ఎత్తుతుందేమో అని నవ్య భయపడింది. నర్సవ్వ చేయి ఎత్తింది, అతని తల మీద వేసింది. ఆ పెద్దవాడు నేల మీద కూలబడి, తల్లి మోకాళ్ల మీద ముఖం పెట్టి, తమ్ముడు పోయిననాడు ఏడవని ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు.

“నకలు తీస్త అవ్వా,” అంది నవ్య కళ్లు తుడుచుకుంటూ. “ఇప్పుడే తీస్త. కంప్యూటర్ పోతె పోనియ్యి. పెన్‌డ్రైవుల పెట్టిస్త, ఇంటికి తీస్కపో. ఎప్పుడంటె అప్పుడు వినొచ్చు.”

నకలు తీస్తే సరిపోతుంది కదా, ఇంత రాద్ధాంతమెందుకని మీరూ అంటారు. నేనూ అదే అనుకున్నాను. నర్సవ్వ ఏమందో వినండి.

“నకలు తీసుకొని ఎన్ని దినాలు వినాలె బిడ్డా? ఈనికి వినబుద్ధి గాక తీసేసిండు. నాకు వినకుంట ఉండబుద్ధి గాక గోడ మీద కూసోవెట్టిన. మా ఇద్దరి నడుమ ఆని కడుపు ఎవలు చూసిన్రు? ఇస్తారి ముందట పెట్టుకొని, ఏడాది సంది ఆకలితోని ఉన్నడు పోరడు.”

ఆమె రిమోటును మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“ఆ బటన్ ఏది, బిడ్డా?”

“అవ్వా, ఇయ్యాల్నే ఒద్దు...”

“చూపెట్టు.”

నవ్య వంగి, నర్సవ్వ బొటనవేలిని పట్టుకుని బటన్ మీద పెట్టింది. ఆ వేలు చల్లగా ఉంది. నర్సవ్వ తెరకు దగ్గరగా జరిగింది, చంటిపిల్లవాడి చెవిలో చెప్పినట్టు మెల్లగా అంది.

“కొడుకా, ఆ తిట్టు ఉత్తగ తిట్టిన తిట్టు. నోట్లె బువ్వ పెట్టాల్సినదాన్ని, మన్ను వొయ్యాలనుకుంటనా? వండిననాడు నీ దాక రానియ్యలే. ఇయ్యాల తిను. బోటి కూర... కారం జర ఎక్కువేయించిన, నీకు గట్లుంటెనే ఇష్టం. నేను పక్కకు జరుగుత. నా దిక్కు చూసుకుంట కూసోకు. కడుపు నిండ తిని... తిని పో, నాయినా.”

తెర మీది ముసలామె ఇంకా కదల్లేదు. గోడ మీది కాకి ఏదో అర్థమైనట్టు రెక్కలు కొంచెం విప్పి, ముందుకు వంగి, ఆకలి కూత కూసింది. సాయికిరణ్ చేసిన కూతల్లో అన్నింటికన్నా పెద్దది, గల్లీ మలుపు నుంచి ఇంట్లోకి వినబడేది అదే. తలుపు తెరిచే ఉంది. ఆ కూత గది దాటి, వరండా దాటి మెట్ల మీదికి పోయింది.

“ఆఁ... వస్తున్నరా, ఆగు!”

మెట్ల మీంచి వచ్చింది ఆ మాట. అలవాటుగా, గట్టిగా, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అన్న మాట. ఎదురుచూసి విసిగి, తాళ్లు భుజాన వేసుకుని పైకి వస్తున్న బుచ్చయ్యది.

నర్సవ్వ బొటనవేలు బటన్ మీదే ఉంది. ఒత్తలేదు, తీయలేదు. ప్రేమ్‌సాగర్ తల్లి మోకాళ్ల మీంచి ముఖం ఎత్తి తలుపు వైపు చూశాడు. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయింది, పోయిన వారం కొడుకు ఆగిన చోటే. ఏదో కింద పడ్డ చప్పుడు, తాళ్లే అయి ఉంటాయి. ఆ తర్వాత చాలాసేపటికి, ఆ పెద్దమనిషి నోట, ఆయనది కానట్టున్న గొంతుతో ఇంకో మాట వచ్చింది.

“నర్సూ... కంచం యాడ పెట్టినవే?”